తెప్పమీది దీపము: ఆముదపు వత్తి నుండి ఎల్.ఇ.డి. పట్టీ వరకు

కార్తీక శుద్ధ ద్వాదశికి క్షీరాబ్ధి ద్వాదశి యని పేరు. ఆ సాయంకాలము శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో, సూర్యనారాయణస్వామి దేవాలయపు ఇంద్రపుష్కరిణియందు తెప్పోత్సవము జరుగును. సింహాచలమున పుష్య బహుళ అమావాస్యనాడు కొండ దిగువనున్న వరాహ పుష్కరిణిలోను, విజయవాడలో విజయదశమినాడు కృష్ణానదిలోను, భద్రాచలమున ముక్కోటి ఏకాదశికి ముందురోజు గోదావరిలోను ఇటువంటి ఉత్సవమే జరుగును. పొద్దు గ్రుంకిన పిమ్మట గట్టున నిలిచిన జనులకు తెప్పను చూపునది దాని దీపములే.

నేలమీద దీపము పెట్టుట సులభము. నీటిమీద పెట్టుట అంత సులభము కాదు. అచ్చట గాలి వీచును, తెప్ప ఊగును. వెదుళ్లు, పూలదండలు, పట్టుగుడ్డలు మంటకు చేరువలో నుండును. ప్రమాదము వాటిల్లినచో పారిపోవుటకు చోటుండదు. మంటను విడిచి విద్యుత్తును తెచ్చినచో తడి వెంటనే శత్రువగును. కావున తెప్పమీది దీపపు చరిత్ర వెలుగు పెరిగిన చరిత్ర మాత్రమే కాదు. వెలుగు వెంట వచ్చు అపాయము ఒక్కొక్క మెట్టున ఎట్లు తగ్గినదో, ఏయే కొత్త అపాయములు పుట్టినవో తెలుపు చరిత్ర కూడ.

తెప్ప, సంగడి, పంటు

తెప్ప యనగా మొదట కొన్ని దుంగలను త్రాళ్లతో బిగించి కట్టినది. శ్రీకాకుళము, విజయనగరము తీరముల మత్స్యకారులు తరతరములుగా సముద్రముపై నడిపినది ఇట్టి తెప్పనే. రెండు దోనెలను ప్రక్కప్రక్కన జోడించి కట్టినచో సంగడి యగును. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన 'ఎరిత్రియా సముద్ర పెరిప్లస్' అను నావికుల గ్రంథము, మన తూర్పు తీరపు రేవులను వర్ణించుచు, ఒంటిదుంగ పడవలను జోడించి కట్టిన 'సంగర' అను పెద్ద పడవలను పేర్కొన్నది. గోదావరి జిల్లాలలో మనుషులను, బండ్లను ఏరు దాటించు బల్లపరుపు పడవను పంటు అందురు. 

ఇదే సూత్రముతో 1952లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఆంబ్రోస్ వీర్స్ అను రైతు రెండు వరుసల ఉక్కు పీపాలపై చెక్కవేదికను బిగించి సరస్సులో విడిచెను. నేడు ఆ దేశపు సరస్సులలో విహరించు పాంటూన్ పడవలకు అది మూలము. కాళ్లు ఎడముగా పెట్టి నిలుచున్న మనిషి తొందరగా ఒరగడు. అట్లే రెండు తేలు భాగములు దూరముగా నున్న పడవ ఒక ప్రక్కకు వంగినచో, ఆ ప్రక్కనున్న భాగము మరింత మునిగి, నీటి ఊర్ధ్వపీడనము వలన తిరిగి పైకి నెట్టబడును. వేదిక నిలకడగా నుండును. దేవాలయముల తెప్పలకు కొన్నిచోట్ల పడవలను జోడించి, కొన్నిచోట్ల గాలిపీపాలను కట్టి వేదిక నిర్మించుటకు కారణమిదే. అయితే ఆ వేదికమీద బరువును ఎత్తున పెట్టినకొలది గురుత్వకేంద్రము పైకిపోయి నిలకడ తగ్గును. దీపములు ఎంత బరువు, వాని నెంత ఎత్తున కట్టవలెను అను ప్రశ్న ఇక్కడనే పుట్టును.

మంట వెలుగు కాలము

మొదటి దీపము నూనెవత్తి. ఆముదము చిక్కనిది, నెమ్మదిగా కాలును. ఊగు తెప్పమీద పలుచని నూనెలవలె త్వరగా చింద దు అన్నట్లు కాక, కొంత నిలకడగా నుండును. కాని ఒక ప్రమిద ఇచ్చు వెలుగు దాదాపు 10 ల్యూమెన్లు. వంద ప్రమిదలు వెలిగించినను, నేటి 10 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక్కటి ఇచ్చునంత కాంతియే వచ్చును. అందుచేత ఎక్కువ వెలుగు కావలసినచోట కాగడాలను, దివిటీలను పట్టిరి. కఱ్ఱకు గాని ఇనుపకడ్డీకి గాని గుడ్డచుట్టి, నూనె పోయుచు మండించు దివిటీ గాలికి సులభముగా ఆరదు; కాని నిప్పురవ్వలు రాల్చును. పూలపందిరిగల తెప్పమీద దాని స్థానము ఎంత ప్రమాదకరమో చెప్పనక్కరలేదు.

పంతొమ్మిదవ శతాబ్దపు చివర రెండు నూతన దీపములు వచ్చెను. 1892లో థామస్ విల్సన్ కాల్షియము కార్బైడును విద్యుత్కొలిమిలో తయారుచేయు పద్ధతిని కనుగొనెను. కార్బైడుమీద నీటిచుక్క పడినచో ఎసిటిలీను వాయువు పుట్టి తెల్లని జ్వాలతో మండును. ఊరేగింపులలో, జాతరలలో ఈ కార్బైడు దీపములు వెలిగెను. నీటితో పుట్టు వాయువే మంటకు ఆధారమగుటచేత, దానిని తెప్పమీద నుంచుటలో మిక్కిలి జాగ్రత్త కావలసి యుండెను.

రెండవది మాంటిలు దీపము. ఆస్ట్రియా దేశపు రసాయనికుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాహ్ 1885లో ఒక వలగుడ్డను లోహలవణములలో తడిపి కాల్చి, మిగిలిన బూడిదవల మంటలో వేడెక్కి ప్రకాశించుటను చూపెను. 1891లో అతడు 99 పాళ్లు థోరియము ఆక్సైడు, 1 పాలు సీరియము ఆక్సైడు గల మాంటిలును తయారుచేసెను. ఆ ఒక్క పాలు సీరియము లేనిదే వెలుగు మందముగా నుండును. తరువాత బెర్లినులో మాక్స్ గ్రేట్స్ కిరసనాయిలును ఒత్తిడితో ఆవిరిచేసి మాంటిలును వెలిగించు దీపమును రూపొందించెను. అదియే పెట్రోమాక్సు. పెండ్లిపందిళ్లలోను, నాటకపు రంగస్థలములమీదను, ఉత్సవములలోను తెలుగువారు 'గ్యాసు లైటు' అని పిలిచినది దీనినే. దీని గాజుబుడ్డి గాలిని ఆపెను, రవ్వలు రాలుట తప్పెను. కాని ఒత్తిడిలోనున్న కిరసనాయిలు తొట్టి తెప్పమీదనే యుండెను.

ఈ మాంటిలు కథకు కోటబొమ్మాళి ప్రాంతముతో ఒక చుట్టరికము కలదు. థోరియము, సీరియము రెండును మోనజైటు అను ఖనిజమున లభించును. 1909లో షోంబెర్గ్ అను జర్మను రసాయనికుడు తిరువాన్కూరు తీరపు ఇసుకలో దీనిని గుర్తించిన పిమ్మట, మాంటిళ్ల పరిశ్రమకై అచ్చటి ఇసుక ఐరోపాకు ఎగుమతి అయ్యెను. కోటబొమ్మాళికి తూర్పుగానున్న భావనపాడు తీరమునను, దక్షిణమున వంశధార సముద్రములో కలియు కళింగపట్నమువద్దను గల ఇసుకలలో ఇల్మనైటు, గార్నెటు, సిల్లిమనైటులతోపాటు మోనజైటు కూడ కలదు. సీరియము పేరు ఈ కథలో మరల ఒకసారి వచ్చును.

విద్యుత్తు నీటిమీదికి వచ్చుట

1879లో ఎడిసన్ తంతుదీపమును విజయవంతముగా వెలిగించెను. ఆంధ్రదేశపు ఉత్తర కోస్తాలో విద్యుత్తు వ్యాప్తికి 1955లో పనిచేయ నారంభించిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ఎంతయో తోడ్పడెను. విద్యుత్తు వచ్చిన ఊళ్లలో జాతరలకు, ఉత్సవములకు రంగుబల్బుల తోరణములు వచ్చెను. వీనినే సీరియల్ లైట్లు అందురు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతర వంటి సంబరములలో దారి పొడుగున వ్రేలాడు దీపతోరణములను చూడని విద్యార్థి ఆ ప్రాంతమున ఉండడు.

తంతుదీపముల తోరణము శ్రేణీ సంధానమునకు చక్కని ఉదాహరణము. 230 వోల్టుల సరఫరాకు 6 వోల్టుల బల్బులను కట్టవలెనన్న 38 బల్బులను ఒకదాని తరువాత ఒకటిగా కలుపుదురు. ఒక్కొక్క బల్బువద్ద 6 వోల్టులే కదా, భయమేమని అనిపించును. కాని ఒక బల్బు తంతువు తెగినదనుకొన్నచో ఏమగును? వలయము తెగుటచే విద్యుత్ప్రవాహము ఆగును. ప్రవాహము లేనప్పుడు మిగిలిన 37 బల్బులలో వోల్టేజి పతనము ఉండదు. అప్పుడు మొత్తము 230 వోల్టులును ఆ తెగిన బల్బు రెండు కొనల మధ్యనే నిలుచును. అనగా తోరణమంతయు ఆరిపోయి చల్లగానున్న ఆ సమయముననే, ఆరిన బల్బుయొక్క గూడు మిక్కిలి ప్రమాదకరమగును. సరఫరా తీయకుండ బల్బు మార్చబోయినవానికి ఈ సంగతి తెలియవలెను. తడిసిన తెప్పమీద నిలిచిన వాని విషయము వేరుగా చెప్పవలెనా?

తడిసిన శరీరపు నిరోధము సుమారు 1,000 ఓములవరకు దిగవచ్చును. 230 వోల్టులు తగిలినచో 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహించును. గుండె లయ తప్పుటకు అందులో కొంతభాగమే చాలును. నీటిలో పడిన తీగ ఇంకను మోసకరము. ఉప్పునీరు మనిషి శరీరముకంటె మంచి వాహకము, కావున ప్రవాహములో ఎక్కువ భాగము నీటిగుండ పోవును. పుష్కరిణిలోని మంచినీరు మనిషి శరీరముకంటె హీనమైన వాహకము. అందుచేత అందులో మునిగియున్న మనిషి శరీరమే ప్రవాహమునకు సులభమైన దారి యగును. చేతులు పట్టుదప్పి ఈదలేక మునిగిపోవుట కూడ సంభవించును. ఈ కారణముచేతనే ఈతకొలనులలో నీటిలోపలి దీపములకు ఏకాంతర విద్యుత్తు 12 వోల్టులకు మించరాదని నియమము ఏర్పడెను.

మరి తంతుదీపములనే 12 వోల్టుల బ్యాటరీతో వెలిగింపరాదా? 15 వాట్ల బల్బులు 40 కట్టినచో 600 వాట్లు; 12 వోల్టులవద్ద 50 ఆంపియర్లు. అంత ప్రవాహమునకు లావుపాటి తీగలు, అనేక బ్యాటరీలు కావలెను. తంతుదీపము తాను తీసికొను శక్తిలో 5 శాతమును మాత్రమే కాంతిగా మార్చి, తక్కినది వేడిగా పోగొట్టును. కావున గట్టునుండి తీగ లాగుటయో, తెప్పమీద జనరేటరు నుంచుటయో తప్ప వేరు దారి లేకుండెను. దీపము చల్లబడినగాని ఈ చిక్కు తీరదు.

అర్ధవాహకము వెలిగిన కథ

చల్లని దీపమునకు మొదటి సూచన 1907లో వచ్చెను. ఇంగ్లండునకు చెందిన హెన్రీ రౌండ్ కార్బొరండము స్ఫటికమునకు సూది ఆనించి విద్యుత్తు పంపగా పసుపుపచ్చని వెలుగు కనిపించెను. అతడు దానిని చిన్న లేఖగా ప్రకటించి ఊరకుండెను. రష్యాలో ఒలెగ్ లోసెవ్ 1920 దశకమున ఈ వెలుగును శ్రద్ధగా పరిశీలించి, ఇది వేడివలన కలుగునది కాదని గ్రహించెను. అతడు 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడి కాలమున ఆకలితో మరణించెను.

1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ గాలియము ఆర్సెనైడు ఫాస్ఫైడు స్ఫటికముతో కంటికి కనిపించు ఎఱ్ఱని కాంతినిచ్చు డయోడును తయారుచేసెను. 1972లో జార్జి క్రాఫర్డ్ పసుపు రంగు డయోడును చేసెను. ఇందలి సూత్రము క్లిష్టమైనది కాదు. పి-రకపు, ఎన్-రకపు అర్ధవాహకములు కలియు సంధివద్ద ఎలక్ట్రానులు రంధ్రములతో కలియును. అప్పుడు వెలువడు శక్తి కాంతి రూపమున బయటికి వచ్చును. శక్తి అంతరము తక్కువైనచో ఎఱుపు, ఎక్కువైనచో నీలము. అందుచేతనే ఎఱ్ఱ డయోడునకు 2 వోల్టులు చాలగా, నీలి డయోడునకు సుమారు 3 వోల్టులు కావలెను.

నీలిరంగు మాత్రము చాలకాలము లొంగలేదు. జపానులో ఇసాము అకసాకి, హిరోషి అమానో గాలియము నైట్రైడు స్ఫటికమును మంచి నాణ్యముతో పెంచి, 1989లో దానినుండి పి-రకపు పొరను సాధించిరి. 1993లో షూజి నకమురా మిక్కిలి ప్రకాశవంతమైన నీలి డయోడును వెలువరించెను. ఈ మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. నీలికాంతి దొరికిన తరువాత తెల్లకాంతి కష్టము కాలేదు. నీలి డయోడుమీద పసుపుకాంతినిచ్చు పొడిని పూసినచో, నీలము పసుపు కలిసి కంటికి తెలుపుగా తోచును. 1996 నాటికి తెల్లని ఎల్.ఇ.డి.లు బజారులోనికి వచ్చెను. ఆ పొడి ఇట్రియము అల్యూమినియము గార్నెటు. అందులో కొద్దిగా కలిపినది సీరియము. నూరేండ్ల క్రిందట పెట్రోమాక్సు మాంటిలును తెల్లగా వెలిగించిన మూలకమే, వేరొక పద్ధతిలో, ఎల్.ఇ.డి.ని కూడ తెల్లగా చేసినది.

పంటు అంచున దీపపు పట్టీ

ఎల్.ఇ.డి. పట్టీ చుట్టగా చుట్టి అమ్ముదురు. సామాన్యమైన 12 వోల్టుల పట్టీలో మీటరునకు 60 డయోడులుండును. మూడేసి డయోడులను శ్రేణిలో కలిపి, వానికొక నిరోధకమును చేర్చి, అట్టి గుంపులను సమాంతరముగా అమర్చుదురు. ఒక్కొక్క తెల్ల డయోడునకు 3.2 వోల్టుల వంతున మూడింటికి 9.6 వోల్టులు. మిగిలిన 2.4 వోల్టులు నిరోధకముమీద పడును. గుంపునకు 20 మిల్లీ ఆంపియర్లు కావలెనన్న 120 ఓముల నిరోధకము చాలును. మీటరునకు 20 గుంపులు, 0.4 ఆంపియరు, 5 మీటర్ల పట్టీకి 2 ఆంపియర్లు, 24 వాట్లు. నాలుగు పట్టీలతో తెప్ప నాలుగు అంచులను 20 మీటర్లవరకు అలంకరించినను 8 ఆంపియర్లే. ఐదు గంటల ఉత్సవమునకు 40 ఆంపియర్-గంటలు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక్కటి, సగమునకు మించి ఖాళీ కాకుండ, ఈ పని చేయును. అది వేదిక అడుగుననే యుండును గనుక నిలకడకు కూడ మేలు.

తక్కువ వోల్టేజి వలన ప్రాణభయము తగ్గినది. దానికి బదులుగా తీగలోని నష్టము ముఖ్యమైనది. చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగకు మీటరునకు 0.017 ఓము నిరోధము. బ్యాటరీకి 10 మీటర్ల దూరమున పట్టీ యున్నచో పోవుటకు, వచ్చుటకు 20 మీటర్లు, నిరోధము 0.34 ఓము. 2 ఆంపియర్లకు 0.7 వోల్టు తీగలోనే పోవును. ఇంటి సరఫరాలో 0.7 వోల్టు లెక్కలోనికి రాదు. ఇచ్చట నిరోధకమునకు మిగులు వోల్టేజి 2.4 వోల్టులకంటె తగ్గుటచే ప్రవాహము కూడ తగ్గి, పట్టీ మందముగా వెలుగును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడినచో నష్టము 0.3 వోల్టునకు లోబడును. ఒక అంచు తెల్లగా, దూరపు అంచు మసకగా నున్న తెప్పను చూచినప్పుడు లోపము తరచు దీపములలో కాక తీగలో నుండును.

మిగిలిన జాగ్రత్తలు తడికి సంబంధించినవి. పట్టీ సిలికాను తొడుగుతో వచ్చినను, కత్తిరించిన కొనయు, అతికిన చోటును తెరచియే యుండును. ఆ చోట్లను మూసివేయనియెడల తేమ చేరి, ధనధ్రువపు రాగి విద్యుద్విశ్లేషణముచే కరిగి పచ్చని చిలుము పట్టును. సముద్రపు గాలికి ఈ చర్య మరింత త్వరపడును. బ్యాటరీ చెంతనే ఫ్యూజు ఉండవలెను. 12 వోల్టులు మనిషికి అంతగా హానిచేయకున్నను, తీగలు కలిసిపోయినచో బ్యాటరీ వందలకొలది ఆంపియర్లను పంపి నిప్పు పుట్టింపగలదు. మంటదీపములతోపాటు పోయినదనుకొన్న అగ్నిభయము ఈ దారిన తిరిగి రావచ్చును.

పట్టీని పందిరి శిఖరమున కాక వేదిక అంచున, నీటికి దగ్గరగా కట్టుటలో ఒక లాభము కలదు. నిట్టనిలువుగా పడిన కాంతిలో 2 శాతమును మాత్రమే నీరు పరావర్తింపజేయును. ఏటవాలుగా, 80 డిగ్రీల పతనకోణమున పడినచో మూడవ వంతునకు పైగా పరావర్తనమగును. గట్టునుండి చూచువారికి అంచుననున్న దీపమును, దాని ప్రతిబింబమును జంటగా కనబడును. ఒక దీపపు వ్యయముతో రెండు వరుసల శోభ లభించును.

వెలుగునకు గల హద్దులు

చౌకగా దొరకిన వెలుగు విచ్చలవిడిగా వాడబడుట సహజము. పుష్కరిణిలో తెప్ప ఒక్కటే తిరుగును గనుక ఏ రంగైనను చెల్లును. నదిలో, సముద్రములో దీపపు రంగు ఒక భాష. 1848లో బ్రిటిషు నౌకాశాఖ ఆవిరిఓడలకు ఎడమవైపు ఎఱుపు, కుడివైపు ఆకుపచ్చ దీపములను విధించెను. ఎదుటి ఓడ ఎటు పోవుచున్నదో ఆ రంగులే తెలుపును. 1972లో కుదిరి, 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నౌకానియమములు, ఈ గుర్తు దీపములని భ్రమ కలిగించు మరే దీపమును రాత్రివేళ చూపరాదని శాసించినవి. అలంకారముకొఱకు పడవ ఇరుప్రక్కల ఎఱుపు, పచ్చ పట్టీలు చుట్టువాడు తెలియకయే అబద్ధము పలుకుచున్నాడన్నమాట. చుక్కాని పట్టినవాని కంటిలో పడు తెల్లని వెలుగు కూడ అంతే చెడ్డది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు అరగంటవరకు పట్టును. ఒక్క క్షణపు మిరుమిట్లు ఆ అలవాటును చెరచును. కావున పట్టీ కాంతి బయటికో, క్రిందికో మళ్లవలెను గాని పడవ నడుపువానివైపు కాదు.

మరియొక హద్దు చేపలకు సంబంధించినది. వెలుగునకు చేపలు గుమికూడునను సంగతి మత్స్యకారులకు పూర్వమునుండి తెలియును. లాంతరు వెలుగున కొలదిగా చేరిన చేపలు, శక్తివంతమైన ఎల్.ఇ.డి. దీపములకు పెద్ద పిల్లలనక చేరుటచే సముద్రసంపద తరిగిపోవునను భయము కలిగెను. 2017 నవంబరు 10న భారతప్రభుత్వము మన ప్రత్యేక ఆర్థిక మండలపు జలములలో ఎల్.ఇ.డి. దీపములతో చేపలు పట్టుటను నిషేధించెను. ఆ జలములలో చేపలు పట్టు మత్స్యకారునికి ఈ నిషేధము వర్తించును. దారి చూచుకొనుటకు, తన ఉనికి తెలుపుటకు దీపము ఉండవచ్చును; ఎరగా ఉండరాదు.

ఉన్నత పాఠశాలలో ఈ చరిత్రను పరీక్షించి చూచుట సులభము. 12 వోల్టుల బ్యాటరీ, ఒక ఫ్యూజు, 5 మీటర్ల పట్టీ, సన్నని తీగ ఒకటి, లావుతీగ ఒకటి, వోల్టుమీటరు ఉన్నచో చాలును. ఒక్కొక్క తీగతో పట్టీని వెలిగించి, దాని మొదటను చివరను వోల్టేజి కొలిచినచో ఓము సూత్రము అంకెలలో కనిపించును. తెగిన బల్బువద్ద వోల్టేజి మొత్తము నిలుచు సంగతిని కూడ 6 వోల్టుల బల్బులు రెండింటిని 12 వోల్టులకు శ్రేణిలో కట్టి, ఒకటి విప్పి, ఖాళీ గూటి కొనల మధ్య కొలిచి చూపవచ్చును. దానికి ఇంటి సరఫరాను ఎన్నడును వాడరాదు. ఈ రెండు కొలతలు తెలిసిన విద్యార్థి రేపు తన ఊరి సంబరమున దీపములు కట్టునప్పుడు, వెలిగిన బల్బుతోపాటు ఆరిన బల్బును కూడ గమనించును.